మైన్‌క్రాఫ్ట్ సంగీతం: ఆల్ఫా కొనాలా, బీటా కొనాలా?

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌కు జర్మనీకి చెందిన డేనియల్ రోసెన్‌ఫెల్డ్, సీ418 అనే పేరుతో, కట్టిన బాణీలు రెండు ఆల్బమ్‌లుగా వచ్చాయి. 2011 మార్చిలో ‘వాల్యూమ్ ఆల్ఫా’, 2013 నవంబరులో ‘వాల్యూమ్ బీటా’. ఒక్కటే కొనాలంటే చాలామంది కళ్లు మూసుకుని ఆల్ఫా అంటారు. ఆట ఆడినవాళ్లకైతే నేనూ అదే చెబుతాను. ఆడనివాళ్లకు మాత్రం బీటా.

ఎందుకంటే ఆటలో సంగీతం ఆగకుండా మోగదు. రాళ్లు తవ్వుకుంటూ, గోడలు కట్టుకుంటూ నిమిషాల తరబడి నిశ్శబ్దంలో ఉంటాం. ఉన్నట్టుండి ఎక్కణ్నుంచో పియానో మొదలవుతుంది, కాసేపటికి అదీ పోతుంది. ఆల్ఫాలోని ‘స్వీడన్’, ‘వెట్ హ్యాండ్స్’ అలా వినడానికే పుట్టాయి. ‘వెట్ హ్యాండ్స్’ నిండా రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆడినవాళ్లకు ఆ నాలుగు స్వరాలు పడితే చాలు, మట్టితో కట్టుకున్న మొదటి ఇల్లు కళ్లముందుకొస్తుంది. మిగతావాళ్లు 24 ట్రాకులూ వరసపెట్టి వింటే, ‘బాగానే ఉంది గానీ, అందుకునేలోపే అయిపోతోందేంటి’ అనుకుంటారు. 2025లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆల్ఫాని భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితా అయిన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది. దక్కాల్సిన గౌరవమే, కానీ అది చూసి కొనక్కర్లేదు.

బీటా తీరు వేరు. 30 ట్రాకులు, రెండు గంటల పైమాటే. ‘ది ఎండ్’ ఒక్కటే పావుగంట. ‘ఆరియా మ్యాథ్’లో లయ తొందరపడకుండా పొరలు పొరలుగా పేరుకుంటుంది, ఆట సంగతి తెలియకపోయినా తల ఊగుతుంది. ‘ఆల్ఫా’ అనే పేరుతోనే ఇందులో పది నిమిషాల ట్రాక్ ఒకటుంది. పాత ఆల్బమ్ బాణీలు కొన్ని అందులో తొంగిచూస్తాయి కాబట్టి ఆ రుచీ కొంత దొరుకుతుంది.

బీటాతో ఒక్కటే చిక్కు. చివర్లో, ఆటలో జ్యూక్‌బాక్స్ అనే పెట్టెలో పెట్టి వినే డిస్కులు చాలావరకు గుత్తగా వచ్చి పడతాయి. వాటిలో ‘ఎలెవెన్’ పగిలిన డిస్కు: సంగీతం ఉండదు, అడుగుల చప్పుడు, దగ్గు, ఎవరో పరుగెత్తడం. రాత్రిపూట చదువుకుంటూ వినే ప్లేలిస్ట్‌లోంచి దాన్ని ముందే తీసేయండి.

2015లో ఘోస్ట్లీ ఇంటర్నేషనల్ అనే రికార్డు కంపెనీ ఆల్ఫాని వినైల్ మీద కూడా తెచ్చింది. ఇంట్లో రికార్డ్ ప్లేయర్ లేకపోతే డౌన్‌లోడ్ చాలు. ఇంకా ఎటూ తేలకపోతే ‘స్వీడన్’, ‘ఆరియా మ్యాథ్’ ఒకదాని తర్వాత ఒకటి వినండి. రెండోది మళ్లీ పెట్టుకోవాలనిపిస్తే బీటాయే మీది.