బొమ్మనహళ్ళి పక్క మా పిల్లలు పోయే లైఫ్ స్కిల్స్ సెంటర్: ఒక తల్లి రివ్యూ

బొమ్మనహళ్ళి, హొంగసంద్ర, బేగూరు రోడ్డు చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నా. ఇంట్లో 14 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలుంటే ఓపిగ్గా చదవండి. మాది హిందూపురం దగ్గర. బెంగళూరొచ్చి గార్మెంట్స్‌లో చెకింగ్ సెక్షన్‌లో చేస్తున్నా. మా అబ్బాయి, మా అక్క కూతురు ఇద్దరూ పోతున్న సెంటర్ గురించి నాకు తెలిసిందంతా చెప్తా.

సెంటర్ పేరు ఇక్కడ వేయడం లేదు. అక్కడికొచ్చే పిల్లల్లో కొంతమంది ఇళ్ళల్లో గొడవలున్నాయి. వాళ్ళు ఎక్కడికి పోతున్నారో నలుగురికీ తెలియడం మంచిది కాదు. మా ఏరియా వాళ్ళు మెసేజ్ పెడితే దారి చెప్తాను. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నడుపుతున్నారు. చిల్లర అంగడి మీద మొదటి అంతస్తులో ఒక పెద్ద గది, నేల మీద చాపలు, గోడకు పిల్లలు గీసిన బొమ్మలు. శనివారం మధ్యాహ్నం, ఆదివారం పొద్దున క్లాసులు. ఫీజు లేదు, పుస్తకాలు కొనమని కూడా అడగరు.

ముందే చెప్తున్నా, ఇది ట్యూషన్ కాదు. ఇక్కడికి పంపితే మార్కులు పెరుగుతాయని అనుకుంటే పంపొద్దండి. ఇక్కడ నేర్పేది నలుగురిలో మాట్లాడడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, కోపమొస్తే దాన్ని పట్టుకోవడం, ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకోవడం, సావాసగాళ్ళు రమ్మన్న చోటికల్లా పోకుండా నిలబడడం. 1990లలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు కావలసిన నైపుణ్యాలని పది చెప్పిందంట, వీళ్ళ పాఠాలన్నీ దాని మీదనే. మన బెంగళూరుకు ఈ పని కొత్తేం కాదు. నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రి వాళ్ళు హైస్కూలు పిల్లల కోసం లైఫ్ స్కిల్స్ పాఠాలు తయారుచేసినారు. డ్రీమ్ ఎ డ్రీమ్ అనే సంస్థ 1999లో ఈ ఊళ్ళోనే మొదలై, ఫుట్‌బాల్ ఆటతోనూ, బొమ్మలూ నాటకాలతోనూ ఇవే నేర్పింది. మేం పోయే సెంటర్ చాలా చిన్నది, దారి మాత్రం అదే.

ఇక్కడికి రాకముందు మా అబ్బాయిని ఒక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులో చేర్చినాం. ఆరు వేలు కట్టించుకున్నారు. ఏసీ గది, టై కట్టుకున్న సారు. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, ధైర్యంగా ఉండాలి, లక్ష్యం పెట్టుకోవాలి అని సారే మాట్లాడేవారు. మా వాడు నోరు తెరిచే పనే పడలేదు. చివర్లో రంగుల సర్టిఫికెట్ ఇచ్చినారు. ఇంటికొచ్చినాక గ్యాస్ బుక్ చేయమంటే, "నువ్వే చేయిమా, నాకు మాటాడను రాదు" అన్నాడు. ధైర్యం గురించి వినినంత మాత్రాన ధైర్యం రాదు. పిల్లోడి చేత పని చేయించాల.

ఈ సెంటర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళ ఓపిక. అక్కడ నేర్పించేవాళ్ళను పిల్లలు అక్కా, అన్నా అనే పిలుస్తారు. మా పిల్లల బ్యాచ్‌కి మొదట ఉన్న అక్క కోలారు అమ్మాయి, తెలుగు బాగా మాట్లాడుతుంది. పిల్లోడు తడబడితే మాట అందివ్వదు. చేతిలో పని లాక్కోదు. ఊరికే చూస్తూ కూర్చుంటుంది.

పోయినేడు పిల్లల్ని బ్యాంకుకు తీసుకుపోయినప్పుడు తోడుకు ఒక తల్లి కావాలంటే నేను పోయినా. 10 ఏళ్ళు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఎంత వరకు దాచొచ్చు, ఎంత తీయొచ్చు అనేది ఆ బ్యాంకు వాళ్ళు పెట్టుకుంటారు. ఈ సంగతి నాకు అక్కడికి పోయినాకే తెలిసింది. ఆ పొద్దు ఒకబ్బాయి 550 రూపాయలు కట్టాల. చలానాలో అంకెలు సరిగానే వేసినాడు. అక్షరాల్లో రాయాల్సిన గీత మీద తన పేరు రాసినాడు. కౌంటర్‌లో మేడమ్ కాగితం వెనక్కి తోసేసింది. వాడు తిరిగి మా పక్క చూసినాడు. నాకు లేచి పోయి రాసిద్దామని కాళ్ళు ఆడినాయి. కోలారు అక్క నా చెయ్యి మీద చెయ్యి వేసి, "వద్దక్కా, వాడు అడగనీ" అన్నది. వాడు కాసేపు అట్లే నిలబడి, పక్కనున్న పెద్దాయన చలానా తొంగి చూసి, "తాతా, ఈ గీతలో ఏం రాయాల?" అని అడిగినాడు. ఆయన చెప్పినాడు. వాడు ఇంకో చలానా తీసుకుని రాసి, మళ్ళీ లైన్లో చివరికి పోయి నిలబడినాడు. డబ్బులు కట్టి, స్టాంపు వేసిన ముక్క పట్టుకుని వచ్చినాడు. అక్క శభాష్ అని చప్పట్లు కొట్టలేదు. "ఈసారి వచ్చేవాళ్ళకు నువ్వే చూపించాల" అని మాత్రం అన్నది. వాడి మొహం వెలిగిపోయింది.

ఇంకొకటి ఫోన్ పాఠం. గోడ మీద అంటించిన ఉద్యోగ ప్రకటనలో నంబర్‌కి స్పీకర్ పెట్టి ఫోన్ చేయాల. పని ఎన్ని గంటలు, జీతం ఏ తేదీకి ఇస్తారు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, ముందే డిపాజిట్ కట్టమంటారా అని కనుక్కోవాల. డిపాజిట్ అడిగితే ఆ పని వద్దని పెట్టేయాల. మా వాడు మొదటిసారి "హలో సార్" అని కట్ చేసేసినాడంట. ఎవరూ నవ్వకూడదనేది అక్కడి రూలు, ఎవరూ నవ్వలేదంట. ఆ పాఠంలోనే చట్టం కూడా చెప్పినారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, 14 నుంచి 18 లోపు వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు, 2016లో చట్టం మార్చినప్పటి నుంచి ఇదీ నియమం. మా వీధిలో పెద్దోళ్ళకే ఇది తెలియదు.

ఆ పాఠం మా ఇంటికి ఎట్లొచ్చిందో చెప్తా. ఒక ఆదివారం రాత్రి అన్నాలు తిన్నాక మా వాడు నా జీతం చీటీ తెమ్మన్నాడు. జీతం 13,000. చీటీ నేల మీద పరిచి, ఫోన్‌లో లెక్క వేస్తా కూర్చున్నాడు. "మా, పీఎఫ్ 12 శాతం, 1,560, సరిపోయింది. ఈఎస్ఐ ముప్పావు శాతం, 98, ఇదీ సరిపోయింది. కంపెనీ కూడా కట్టాల కదా, వాళ్ళు కట్టినారా లేదా ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు. కంపెనీ పీఎఫ్‌కి ఇంకో 12 శాతం, ఈఎస్ఐకి మూడుంపావు శాతం కడుతుందని వాడే చెప్పినాడు. ఇన్నేళ్ళు పని చేసినా, ఆ చీటీ మడిచి డబ్బాలో వేయడమే నాకు అలవాటు. నా యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతా నంబర్ అడిగి పాస్‌బుక్ తెరిచి చూపించినాడు. నెల నెలా డబ్బులు పడుతున్నాయి. అది చూసుకుంటే మనసుకు నిమ్మళం అనిపించింది.

చీటీ కింద "ఇతరములు 300" అని ఉంది. అదేందని అడిగినాడు. మరుసటి రోజు ఆఫీసులో కనుక్కుంటే వ్యాన్ డబ్బులన్నారు. నేను నడిచి పోతాను, వ్యాన్ ఎక్కనే ఎక్కను. ఆ మాటే రాసిచ్చినా. తరువాత నెల నుంచి పట్టలేదు. పక్క లైన్లో ఇద్దరికి కూడా అట్లనే పడుతుంటే వాళ్ళూ రాసిచ్చినారు. పదహారేళ్ళ పిల్లోడు నేర్చుకుంది వాళ్ళమ్మకు, వాళ్ళమ్మ పక్కనోళ్ళకు అక్కరకొచ్చింది.

మా అక్క కూతురి సంగతి వేరు. 2024లో ఎస్సెస్సెల్సీలో, అంటే పదో తరగతిలో, లెక్కల్లో తప్పింది. మా బావ, చదువు చాల్లే, కుట్టు మెషిన్ నేర్చుకోనీ అన్నాడు. పిల్ల ఇంట్లో ఒక మూల కూర్చుండిపోయింది. సెంటర్‌లో అన్న ఇంటికొచ్చి, కర్ణాటకలో ఆ యేడు నుంచి పరీక్ష-1, 2, 3 అని పెట్టినారని, యేడాది పోకుండానే మళ్ళీ రాయొచ్చని చెప్పినాడు. అప్లికేషన్ మాత్రం ఆ పిల్లే స్కూలుకు పోయి హెడ్మాస్టర్‌ని అడిగి కట్టాలన్నాడు. "నేను తోడు వస్తా, గేటు దాకానే" అన్నాడు. ఏడ్చింది, తిట్టుకుంది, చివరికి పోయింది. పరీక్ష-2 రాసి పాసయింది. పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో చేరింది.

కాలేజీలో చేరినాక బస్సు సమస్య. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో శక్తి పథకం కింద ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కానీ కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాల. మా వాళ్ళందరి ఆధార్‌లోనూ హిందూపురం అడ్రసే. ఇది మన తెలుగోళ్ళలో చానా ఇళ్ళల్లో ఉన్న కథే. సెంటర్‌లో ఇదే ఒక పాఠం చేసినారు. అడ్రస్ మార్చాలంటే ఏ కాగితాలు కావాల, ఇంటి అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉండాల, ఇంటిపెద్ద ఒప్పుకోలుతో పిల్లల అడ్రస్ ఎట్లా మార్చుకోవచ్చు, అన్నీ పిల్లల చేతే కనుక్కోమన్నారు. ఓనర్‌ని అగ్రిమెంట్ అడగడానికి మా బావే మొహమాటపడుతుంటే, ఈ పిల్ల పోయి కన్నడలో మాట్లాడి సంతకం పెట్టించుకొచ్చింది. ముందు వాళ్ళ నాన్నది, తరువాత తనది మార్పించింది. ఇప్పుడు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని కాలేజీకి పోతుంది.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. ఒళ్ళు మార్పులు, నెలసరి గురించి ఆడపిల్లలకు విడిగా ఒక అక్క చెప్తుంది. మగపిల్లలకు కూడా విడిగా చెప్తారు, అది ఇంకా మంచిది. 2014లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం సర్కారు ఆసుపత్రుల్లో విడిగా క్లినిక్‌లున్నాయి. కర్ణాటకలో వాటిని స్నేహ క్లినిక్ అంటారు. సెంటర్ వాళ్ళు పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి చూపించినారు. మా పిల్లకు రక్తం తక్కువని అక్కడే తెలిసింది. వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర స్కూల్లో ఇస్తే వాసనొస్తుందని పారేసేదంట. ఎందుకు మింగాలో వివరంగా చెప్పినాక మింగుతుంది.

ఇంకో విషయంలో వీళ్ళ మీద నాకు గౌరవం. తెలిసిన వాళ్ళబ్బాయి ఒకడు నిద్ర లేకుండా, ఎవరితో మాట్లాడకుండా అయిపోయినాడు. సెంటర్ వాళ్ళు, మేం మాట్లాడి బాగుచేస్తాం అనలేదు. ఇది మా చదువుకు మించింది, డాక్టర్ చూడాల అని ఆ తల్లితో నేరుగా చెప్పి, 14416కి ఫోన్ చేయించినారు. అది టెలీ మానస్, మనసు బాగాలేనోళ్ళ కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఫోన్ లైను, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తరువాత ఆమె నిమ్హాన్స్‌కి తీసుకుపోయింది. తమ వల్ల అయ్యేది ఏది, కానిది ఏది అని తెలిసినవాళ్ళ దగ్గరికి పిల్లల్ని నమ్మి పంపొచ్చు.

ఇప్పుడు లోపాలు. నేర్పించేవాళ్ళు నిలకడగా ఉండరు. యేడాదికో, ఇంకా ముందే మారిపోతారు. కోలారు అక్క పోయినాక మా వాడు కొన్ని వారాలు పోనే పోలేదు. ఈ వయసు పిల్లలు ఒక మనిషిని నమ్మడానికే నెలలు పడుతుంది, ఆ మనిషే మారిపోతే ఎట్లా? జీతాలు తక్కువని ఒకరిద్దరు చెప్పినారు. సంస్థకు డబ్బులిచ్చేవాళ్ళు పిల్లల లెక్కలు అడిగినంతగా ఈ సంగతి కూడా అడిగితే బాగుంటుంది.

మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు. మా వీధిలో కాలు సరిగా లేని పిల్ల ఉంది. రావాలని ఆశ ఉన్నా రాలేక ఇంట్లోనే ఉంది. బాత్రూమ్ ఒకటే, దాంతో ఆడపిల్లలు నీళ్ళు తాగకుండా కూర్చుంటున్నారు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితం కన్నడలోనే ఉంటుంది. చదివి చెప్పమంటే చెప్తారు. కానీ అడగడానికి సిగ్గుపడి ఊరికే సంతకం పెట్టేసే తల్లులే ఎక్కువ. తెలుగు, తమిళం, హిందీలో కూడా ఇయ్యాల.

అన్నిటికంటే పెద్దది టైము. స్కూలు మానేసి పనికి పోయే పిల్లలకే ఈ పాఠాలు ఎక్కువ అవసరం. హోటల్లో, టైల్స్ పనిలో, బట్టల అంగడిలో చేసే పిల్లలకు శనివారం మధ్యాహ్నం సెలవుండదు, ఆదివారం పొద్దున అసలే ఉండదు. జీతం ఎగ్గొట్టేది వాళ్ళకే, డిపాజిట్ పేరుతో మోసపోయేదీ వాళ్ళే. ఇప్పుడు సెంటర్‌కి వచ్చేది ఎక్కువగా చదువుకునే పిల్లలే.

ఇన్ని చెప్పినా నేను ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తా. చేర్చాలంటే పిల్లను తీసుకుపోయి మాట్లాడండి, వయసు తెలిసే కాగితం ఒకటి చాలు. మొదటి రోజు మీరు లోపల కూర్చోవద్దు. తల్లి పక్కన ఉంటే ఏ పిల్లా నోరు తెరవదు. రెండు మూడు వారాలు విసుక్కుంటారు, ఆటలాడిస్తున్నారంతే అంటారు, అప్పుడే మాన్పించొద్దు.

పనికి పోయే పిల్లల కోసం ఆదివారం రాత్రి ఏడు తరువాత ఒక బ్యాచ్ పెట్టమని తల్లులం కొందరం అర్జీ రాసి సంతకాలు పెట్టి ఇచ్చినాం. కింద అంగడాయన ఆ టైములో గది తీసి ఉంచడానికి ఒప్పుకున్నాడు. నేర్పించేవాళ్ళు దొరకాలని, చూసి చెప్తామని సంస్థ వాళ్ళన్నారు. ఈ చుట్టుపక్కల ఉండి, తెలుగో కన్నడమో బాగా వచ్చి, ఆదివారం రెండు గంటలు ఇవ్వగలిగిన వాళ్ళుంటే నాకు మెసేజ్ పెట్టండి.