వైడ్ కన్వర్టర్ కొనే ముందు జూమ్ లాగి చూడండి

వీడియో కెమెరాకు వైడ్ యాంగిల్ అటాచ్‌మెంట్ (వైడ్ కన్వర్టర్ అన్నా ఇదే, లెన్స్ ముందు బిగిస్తే ఎక్కువ వెడల్పు ఫ్రేములోకి వస్తుంది) కొనాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది ‘ఎన్ని ఎక్స్ తీసుకోమంటారు?’ అని. ఎక్స్ అంటే లెన్స్ అంకెను గుణించే గుణకం, అది తగ్గేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. 0.5 అయితే గది మొత్తం వచ్చేస్తుందనీ, 0.8 అయితే డబ్బు దండగనీ చాలామందిలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఏళ్ళ తరబడి వీటిని తగిలించుకుని ఇరుకు గదుల్లో, వేదికల పక్కన, జనం మధ్యలో షూట్ చేస్తూ వచ్చాక నేను చూసే వరస వేరు. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకు లాగినా ఫోకస్ నిలుస్తుందా? అది మొదటిది. అంచుల్లో బొమ్మ ఎలా ఉంది? అది రెండోది. ఎంత వైడ్ అన్నది ఆ తర్వాతే.

నా కెమెరాది 1 అంగుళం సెన్సార్, 12 రెట్ల జూమ్. 35 మి.మీ. ఫిల్ము కెమెరాతో పోల్చే లెక్కలో 29 (వైడ్ చివర) నుంచి 348 మి.మీ. (టెలి చివర, అంటే పూర్తి జూమ్) వరకు వెళ్తుంది, ముందు అటాచ్‌మెంట్ బిగించే మర, అంటే థ్రెడ్, 62 మి.మీ. సోనీ ఎన్‌ఎక్స్100, ఏఎక్స్100 లాంటి వాటిలో ఉన్నదీ ఇదే శ్రేణి. 29 మి.మీ. అంటే 3 మీటర్ల దూరంలో సుమారు 3.7 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. 0.8 కన్వర్టర్ పెడితే అది 4.6 మీటర్లకు పైగా, 0.7తో 5.3, 0.5తో దాదాపు 7.4 మీటర్లు అవుతుంది. వెనక గోడ ఉండి ఇంకొక్క అడుగు కూడా వెనక్కి వేయలేని చోట 3.7కీ 5.3కీ మధ్య తేడా చాలా పెద్దది. మాట్లాడే మనిషితో పాటు వింటున్నవాళ్ళు కూడా ఫ్రేములోకి వస్తారు. పాత కెమెరాల వాళ్ళకు ఈ అవసరం ఇంకా ఎక్కువగా ఉండేది. 2000లో వచ్చిన సోనీ వీఎక్స్2000 మొదలయ్యేదే 43 మి.మీ. దగ్గర. గది లోపల దానికి వైడ్ అటాచ్‌మెంట్ లేకుండా పని జరిగేది కాదు.

ఇక అసలు సంగతి. బయటికి చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా ఇవి రెండు జాతులు. మొదటి రకంలో ముందు పుటాకార గాజుల గుంపు, వెనక కుంభాకార గాజుల గుంపు ఉంటాయి. దూరం నుంచి సమాంతరంగా వచ్చిన కాంతి అందులోంచి బయటికి కూడా సమాంతరంగానే వస్తుంది, కోణం మాత్రమే మారుతుంది. కెమెరా లెన్స్‌కు తన ముందు ఇంకేదో ఉందని తెలియదు, దూరంగా ఉన్నది దూరంగానే కనిపిస్తుంది. అందుకే జూమ్ మొత్తం లాగినా ఫోకస్ నిలుస్తుంది. వీటినే జూమ్ త్రూ కన్వర్టర్లు అంటారు. రెండో రకంలో దాదాపుగా ఒకటే పుటాకార గాజు. తేలిగ్గా, పల్చగా, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దాని వల్ల ఎంత దూరపు వస్తువైనా కెమెరాకు లెన్స్ ముందే, అతి దగ్గర్లో ఉన్నట్టు కనిపిస్తుంది. వైడ్ చివరలో కెమెరా మాక్రో దూరానికి ఫోకస్ చేయగలదు కాబట్టి అక్కడ అంతా బాగానే ఉంటుంది. కొంచెం జూమ్ చేయగానే అంత దగ్గర ఫోకస్ కెమెరా చేతకాదు, బొమ్మ మసకబారిపోతుంది. అది ఆ గాజు స్వభావమే. ఏ సెట్టింగూ దాన్ని మార్చలేదు.

ఈ రెండో రకం పనికిరాదని నేను అనను. స్టెడీకామ్ మీదో గింబల్ మీదో (నడుస్తున్నా కెమెరా ఊగకుండా పట్టే పరికరాలు) కెమెరా పెట్టి, జూమ్ ముట్టుకోకుండా నడుస్తూ తీసే పనికి అది చక్కగా సరిపోతుంది. బరువు తక్కువ కాబట్టి తూకం తేలిగ్గా కుదురుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, కార్యక్రమం నడుస్తుండగా వేదిక మీద ఒకరి ముఖం దగ్గరగా కావాల్సి వచ్చినప్పుడు. జూమ్ లాగితే మసక, మరలు విప్పి తీసేలోపు ఆ క్షణం దాటిపోతుంది. ఒక్కరే కెమెరామన్ ఉండే పనులకు నేను దీన్ని సిఫారసు చేయను.

జూమ్ త్రూ కన్వర్టర్‌తో ఒక లాభం కూడా ఉంది, దీని గురించి అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. దగ్గరి వస్తువుల విషయంలో దూరాల లెక్క మారిపోతుంది. గుణకాన్ని దానితోనే గుణించి, వచ్చినదానితో అసలు దూరాన్ని భాగించి చూడాలి. 0.7ని 0.7తో గుణిస్తే దాదాపు సగం. అంటే 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషి కెమెరాకు సుమారు 4 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తాడు. నా కెమెరాకు టెలి చివర ఫోకస్ కావాలంటే కనీసం 1 మీటరు దూరం ఉండాలి. కన్వర్టర్ ఉన్నప్పుడు అది సుమారు అర మీటరుకు తగ్గుతుంది. బల్లకు అవతల కూర్చున్న మనిషి చేతుల్ని పూర్తి జూమ్‌లో తీయబోయినా ఫోకస్ పట్టుకుంటుంది.  అయితే టెలి చివర 348 నుంచి 244 మి.మీ.కి పడిపోతుంది కదా, దూరం నుంచి తీసే పని ఉన్న రోజు అటాచ్‌మెంట్ సంచిలోనే ఉంచడం మేలు.

అంచుల నాణ్యత గురించి చెప్పాలంటే, నేను వాడిన 0.5 రకాల్లో ఒకటి బాగా చవకది. వెనక సగం విప్పితే మాక్రో లెన్స్‌గా కూడా పనిచేసే తరహా. దాని మీద హెచ్‌డీ అని పెద్ద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ అక్షరాలకు ఏ ప్రమాణమూ లేదు. 720×576 పిక్సెళ్ళ రోజుల్లో ఆ గాజు చూపించిన మెత్తదనాన్ని టేపే దాచేసేది. 1920×1080లో ఫ్రేము మధ్య మూడో వంతు తప్ప మిగతా అంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది, 3840×2160లో ఇక చెప్పనక్కర్లేదు. తెల్లటి ఆకాశానికి ఎదురుగా చెట్టు కొమ్మలుంటే అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. ఐరిస్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) కొంచెం మూస్తే మెత్తదనం కాస్త తగ్గుతుంది కానీ ఈ రంగుల అంచులు అంతగా పోవు. 0.7 జూమ్ త్రూలో కూడా మూలలు కొంచెం మెత్తబడతాయి. అయితే మనుషులు కదులుతున్న షాట్‌లో అది ఎవరి కంటా పడదు. రాళ్ళ కట్టడాలో, పుస్తకాల బీరువాలో నిలకడగా చూపించే షాట్‌లో మాత్రం వెతికితే దొరుకుతుంది.

గీతలు వంగడం ఇంకో సమస్య. ద్వారబంధాలు, స్తంభాలు, కిటికీ చువ్వలు బయటికి ఉబ్బినట్టు వంగుతాయి. నిలకడ ఫ్రేములో కన్ను దీన్ని క్షమిస్తుంది. పాన్ చేసినప్పుడు, అంటే కెమెరాను పక్కకు తిప్పినప్పుడు, ఒక్కో స్తంభం ఫ్రేములోకి వంగుతూ వచ్చి, మధ్యలో నిటారై, మళ్ళీ అటు వైపుకు వంగుతూ పోతుంది. గది అంతా ఊగుతున్నట్టు అనిపిస్తుంది. 0.5లో ఇది భరించలేనంత, 0.7లో ఓర్చుకోగలిగినంత, 0.8లో చెబితే తప్ప తెలియనంత. ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు కదా అంటారు. చేయవచ్చు, కానీ అందులో రెండు చిక్కులున్నాయి. షాట్ మధ్యలో జూమ్ కదిలితే వంపు కూడా మారుతుంది, ఒకే విలువ ఇచ్చి వదిలేస్తే సరిపోదు. ఇక గీతల్ని నిటారు చేసినకొద్దీ అంచుల్లో ఉన్న ముఖాలు పక్కలకు సాగుతాయి. గ్రూపు చివర నిలబడినవాళ్ళు లావుగా కనిపిస్తున్నారంటే చాలాసార్లు కారణం ఇదే. మనుషులున్న షాట్లలో నేను వంపును సగమే సరిచేసి వదిలేస్తాను. గోడ కొంచెం వంగినా ఫరవాలేదు, మనిషి ముఖం మారకూడదు.

స్టెబిలైజర్ సంగతి చాలామంది పట్టించుకోరు. చెయ్యి ఎంత కోణం వణికిందో కెమెరాలోని గైరో కొలిచి, అంతకు సరిపడా గాజును కదుపుతుంది. 0.7 కన్వర్టర్ ఉన్నప్పుడు బొమ్మలో వణుకు ఏడు పాళ్ళే కదులుతుంది, కెమెరా మాత్రం పది పాళ్ళు సరిచేస్తుంది. మిగిలిన మూడు పాళ్ళు వెనక్కి తిరిగి కొత్త వణుకుగా కనిపిస్తాయి. కొన్ని కెమెరాల మెనూలో కన్వర్షన్ లెన్స్ అని ఒక ఎంపిక ఉంటుంది, అందులో వైడ్ పెట్టుకుంటే ఈ లెక్క సరిపోతుంది. తీసేశాక దాన్ని మళ్ళీ మార్చడం కూడా గుర్తుండాలి. ఆ ఎంపిక లేని కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజర్ ఆపేయడమే మంచిది.

ఇదే చోట ఇంకో మాట. యాక్టివ్ అనే పేరుతో ఉండే ఎక్కువ బలమైన స్టెబిలైజర్ చాలా కెమెరాల్లో ఫ్రేము అంచుల్ని కోసి పనిచేస్తుంది. అది ఆన్‌లో ఉంటే మీ కెమెరా అసలు వైడ్ మీకు కనిపించనే కనిపించదు. అటాచ్‌మెంట్ కొనే ముందు దాన్ని ఆపి ఒకసారి గదిలో నిలబడి చూడండి. కొందరికి ఆ తేడాతోనే పని అయిపోతుంది.

రోజువారీ వాడకంలో నన్ను ఎక్కువగా విసిగించింది దుమ్ము. చిన్న సెన్సార్, వైడ్ చివర, ఎండలో ఐరిస్ బాగా మూసుకుని ఉండటం, ఈ మూడూ కలిస్తే గాజు మీద చిన్న ధూళి కణం కూడా బూడిదరంగు మచ్చలా తెర మీద తేలుతుంది. అందులోనూ కన్వర్టర్ వెనక గాజుకూ కెమెరా ముందు గాజుకూ మధ్య చేరిన దుమ్ము బయటి నుంచి తుడిస్తే పోదు. బిగించే ముందు రెండు గాజుల మీదా బ్లోయర్‌తో ఊదడం, ఎండలో కెమెరాలోని ఎన్‌డీ ఫిల్టర్ (కాంతిని తగ్గించే గాజు) వేసి ఐరిస్ ఎఫ్5.6 కంటే ఎక్కువ మూసుకోకుండా చూసుకోవడం నాకు అలవాటైంది. కెమెరా మీద యూవీ ఫిల్టర్ ఉంటే తీసేశాకే కన్వర్టర్ బిగించాలి. లేకపోతే మధ్యలో ఎడం పెరిగి మూలలు నల్లబడతాయి, దీపాలు ఎదురుగా ఉంటే అదనపు ప్రతిబింబాలు కూడా వస్తాయి.

బరువు తక్కువ కాదు. మంచి జూమ్ త్రూ గాజు ముద్దలా ఉంటుంది, కెమెరా ముక్కు కిందికి వాలుతుంది. ట్రైపాడ్ ప్లేటును కొంచెం ముందుకు జరిపితేనే తూకం కుదురుతుంది. ఆ బరువంతా మోసేది లెన్స్ చివరి థ్రెడ్డే కాబట్టి కన్వర్టర్ బిగించి ఉంచి కెమెరాను సంచిలో కుక్కకండి. బిగించేటప్పుడు ముందుగా ఎడమవైపుకు తిప్పి, మర పడిన చిన్న చప్పుడు వచ్చాక కుడివైపుకు తిప్పితే మర అడ్డం పడదు. మర లేకుండా కొద్దిగా తిప్పగానే బిగిసే బయొనెట్ రకం దొరికితే అదే తీసుకోండి, పని మధ్యలో తీయడం పెట్టడం ఎంతో తేలిక. కెమెరా పైన షాట్‌గన్ మైకుకు బొచ్చు తొడుగు ఉంటే అది ఫ్రేము పై అంచులోకి తొంగి చూస్తుంది, చిన్న మానిటర్లో అది కనిపించదు కూడా. మైకును ఒక అంగుళం వెనక్కి జరిపి బిగించుకోవాలి. ముందు భాగంలో బయటి ఫోకస్ సెన్సార్ ఉన్న కెమెరాలకు, ఉదాహరణకు కెనాన్ హెచ్‌వీ20కి, అటాచ్‌మెంట్ దానికి అడ్డం వస్తుంది. ఆ సెన్సార్‌తో పనిచేసే ఇన్‌స్టంట్ ఏఎఫ్ ఆపి మామూలు ఆటోఫోకస్‌లో పెట్టుకోవాలి.

కొనేటప్పుడు మోడల్ పేరు చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. సోనీ వీసీఎల్-హెచ్‌జీ0872కేలో 08 అంటే 0.8, 72 అంటే 72 మి.మీ. వీసీఎల్-హెచ్‌జీ0737సీ అంటే 0.7, 37 మి.మీ. కెనాన్ డబ్ల్యూడీ-హెచ్72, డబ్ల్యూడీ-హెచ్58డబ్ల్యూలలో అంకె థ్రెడ్ సైజు, గుణకాలు వరసగా 0.8, 0.75. రేనాక్స్ హెచ్‌డీ-7000ప్రో 0.7, హెచ్‌డీ-6600ప్రో 0.66. ఇవి చాలావరకు ఇప్పుడు వాడినవిగానే దొరుకుతాయి. సైజు కలవనప్పుడు మధ్యలో అడాప్టర్ రింగు వేసుకోవచ్చు, అయితే అటాచ్‌మెంట్ థ్రెడ్ కెమెరా థ్రెడ్ కంటే పెద్దదై ఉండాలి. చిన్నదాన్ని రింగుతో పెద్ద లెన్స్‌కు తగిలిస్తే మూలలు నల్లగా వస్తాయి, కొన్నిసార్లు బొమ్మ గుండ్రంగానే మిగులుతుంది.

వాడినది తీసుకునేటప్పుడు నేను చేసే పరీక్ష ఇది. కెమెరా పట్టుకెళ్ళి కన్వర్టర్ బిగిస్తాను. అచ్చు అక్షరాలున్న కాగితమో బోర్డో గోడ మీద నాలుగు మూలలా, మధ్యలో వచ్చేలా చూసుకుంటాను. 4 మీటర్ల దూరంలో నిలబడి పూర్తిగా జూమ్ చేసి, మధ్య అక్షరాల మీద చేత్తో ఫోకస్ పెట్టి, ఫోకస్ ముట్టుకోకుండా నెమ్మదిగా వైడ్‌కు వస్తాను. దారిలో ఎక్కడా అక్షరాలు కరగకూడదు. తర్వాత పూర్తి వైడ్‌లో మూలల అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయా చూస్తాను. చివరగా ఒక చిన్న దీపాన్ని ఫ్రేము అంచున బయటికీ లోపలికీ తీసుకెళ్ళి ఎంత పొగలా వ్యాపిస్తుందో గమనిస్తాను. తెర మీద కాకుండా రికార్డు చేసి, ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూడ్డానికి అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే ఇంకా మంచిది.

ఒక్క విశాలమైన షాట్ కోసమే అయితే అటాచ్‌మెంట్ జోలికి పోనక్కర్లేదు. 2019లో వచ్చిన ఐఫోన్ 11 నుంచి ఫోన్లలో 13 మి.మీ. సమానమైన అల్ట్రా వైడ్ మామూలైంది, ఒక మూల దాన్ని స్టాండు మీద పెట్టి వదిలేస్తే చాలు. రంగులు సరిపోల్చుకునే శ్రమ ఒక్కటే. కానీ జనం మధ్య తిరుగుతూ, ఒకే టేకులో గది మొత్తం నుంచి ఒకరి కళ్ళ దాకా వెళ్ళాలంటే ఫోను ఆ పని చేయలేదు. 29 మి.మీ. దగ్గర మొదలయ్యే కెమెరా ఉన్నవాళ్ళు 0.7 లేదా 0.75 జూమ్ త్రూ తీసుకోండి. 25 దగ్గర మొదలయ్యేది ఉంటే 0.8 చాలు. 0.5 మీద మనసున్నవాళ్ళు గింబల్ పనికి మాత్రమే, అదీ మూలల అక్షరాలు చూశాకే తీసుకోండి.