ఫోల్డ్‌సీక్ సర్వర్: మడతను పట్టిస్తుంది, పని సంగతి మనమే తేల్చుకోవాలి

ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ) మోడల్ ఉన్నా, బ్లాస్ట్‌లో (అమైనో ఆమ్లాల వరుసల్ని పోల్చే సాధనం) పనికొచ్చే పోలిక ఒక్కటీ దొరకని ప్రోటీన్‌కి ముందు తెరవాల్సింది ఫోల్డ్‌సీక్ వెబ్ సర్వరే. అలాంటి మడత, అంటే త్రిమితీయ ఆకారం, ఉన్న ఇతర ప్రోటీన్లని ఇది వెతికిపెడుతుంది. ఉచితం, లాగిన్ గొడవ లేదు. ఒక్కో అమైనో ఆమ్లం చుట్టూ ఉన్న ఆకారాన్ని 20 అక్షరాల 3డీఐ లిపిలోకి మార్చి ఆ వరుసల్ని పోలుస్తుంది కాబట్టే అంత వేగం.

ఫైల్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించకండి. ఫైల్‌లోని బీ-ఫ్యాక్టర్ కాలమ్‌లో ఉండే పీఎల్‌డీడీటీ (ఆ భాగంపై ఆల్ఫాఫోల్డ్‌కున్న నమ్మకం, 100కి) 50 కన్నా తక్కువున్న తోకలు కత్తిరించండి. రెండు మూడు డొమైన్లు (విడివిడిగా మడతపడే భాగాలు) ఉంటే విడదీసి వేర్వేరుగా వెతకండి. లేదంటే అందరికీ ఉండే పెద్ద డొమైనే జాబితా అంతా ఆక్రమించి, అసలు కావాల్సిన చిన్నది అడుగున పడిపోతుంది. డేటాబేసుల్లో పీడీబీ100 (ప్రయోగాల్లో తేలిన నిర్మాణాలు), క్యాత్50 (మడతల వారీగా వర్గీకరించిన డొమైన్లు) తప్పకుండా టిక్ చేయండి. క్యాత్ నంబరుతో మడత తెలిసిపోతుంది: 3.40.50 అంటే రాస్‌మన్, 3.20.20 అంటే టిమ్ బ్యారెల్. తర్వాత టీఎం-అలైన్ మోడ్‌లో (రెండు ఆకారాల్ని ఒకదానిపై ఒకటి పెట్టి పోల్చి, 0 నుంచి 1 దాకా స్కోరిచ్చే పద్ధతి) ఇంకోసారి నడపండి. స్కోరు 0.5 దాటితే సాధారణంగా ఒకే మడత. అయితే ఆ స్కోరుని ఏ ప్రోటీన్ పొడవుతో భాగించారో చూసుకోవాలి. చిన్న డొమైన్ పెద్ద ప్రోటీన్‌లో పూర్తిగా ఇమిడినా పెద్దదాని పొడవుతో లెక్కిస్తే స్కోరు పడిపోతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ: పైన వచ్చిన హిట్ (దొరికిన పోలిక) పేరునే తమ ప్రోటీన్‌కి తగిలించేస్తారు. కోడిగుడ్డు లైసోజైమ్‌నీ పాలలోని ఆల్ఫా-లాక్టాల్బుమిన్‌నీ పక్కపక్కన పెట్టండి. మడత ఒకటే. మొదటిది బ్యాక్టీరియా గోడని కోస్తుంది, రెండోది దేన్నీ కోయదు, లాక్టోజ్ తయారీలో ఇంకో ఎంజైమ్‌కి తోడుంటుంది. లైసోజైమ్‌లో కోతకి కీలకమైన 35వ స్థానపు గ్లూటమేట్ లాక్టాల్బుమిన్‌లో లేదు. అందుకే 'ప్రాబ్' కాలమ్‌లో (చుట్టరికం ఉండే సంభావ్యత) 1.00 కనిపించినా సరే, అలైన్‌మెంట్ (రెండు వరుసల జోడింపు) తెరిచి యాక్టివ్ సైట్ (చర్య జరిగే చోటు) అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటే సరిచూడాలి.

దీనికి తలకిందులు కూడా ఉంది. ప్రోటీన్లని కోసే ఎంజైములైన సబ్టిలిసిన్ (3.40.50.200), కైమోట్రిప్సిన్ (2.40.10.10) మడతలకి సంబంధమే లేదు, కానీ రెండింట్లోనూ కోసేది సెరీన్-హిస్టిడీన్-ఆస్పార్టేట్ త్రయమే. మడతని బట్టి వెతికే సాధనం ఈ రెండింటినీ కలపలేదు.

టిమ్ బ్యారెల్ తగిలితే ఇంకా జాగ్రత్త: ఎన్నో రకాల చర్యలు జరిపే ఎంజైములది అదే మడత. కాకపోతే యాక్టివ్ సైట్ దాదాపు ఎప్పుడూ బీటా స్ట్రాండ్ల (బ్యారెల్ గోడలోని పోగులు) సీ-టెర్మినల్ (ప్రోటీన్ గొలుసు ముగిసే దిక్కు) కొసల వైపే ఉంటుంది, కాబట్టి వెతుకులాట అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఫోల్డ్‌సీక్‌లో ఏమీ దొరక్కపోతే ఆకారాల్ని పోల్చే ఇంకో సాధనమైన డాలీ సర్వర్‌కి పంపండి. ఆలస్యమైనా దూరపు చుట్టరికాలు అందులో బయటపడొచ్చు. జెడ్-స్కోరు (పోలిక కాకతాళీయం కాదనడానికి డాలీ ఇచ్చే కొలత) 2 కన్నా తక్కువైతే మాత్రం పట్టించుకోవద్దు.