స్కూల్లో స్పీచ్ థెరపిస్ట్ ఉద్యోగం: డిస్ట్రిక్టా, ఏజెన్సీయా?

అమెరికాలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో, అంటే మాట, భాష ఇబ్బందులకు చికిత్స చేసే చదువులో, మాస్టర్స్ చేసి, పబ్లిక్ స్కూల్లో మొదటి ఉద్యోగం వెతుక్కునే మనవాళ్లకు రెండు దారులు ఎదురవుతాయి. ఒకటి, స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలో, నేరుగా చేరడం. రెండోది, స్కూళ్లకు కాంట్రాక్ట్ మీద మనుషుల్ని పంపే స్టాఫింగ్ ఏజెన్సీ తరఫున అదే స్కూలుకు వెళ్లడం. చేసే పనీ, చూసే పిల్లలూ ఒకటే. అయినా నా ఓటు డిస్ట్రిక్ట్‌కే.

ముందు డబ్బు సంగతి. ఏజెన్సీ చెప్పే గంట రేటు చాలాసార్లు ఎక్కువే ఉంటుంది. కానీ పనిచేసిన గంటలకే జీతం. క్రిస్మస్ సెలవుల్లో, వేసవిలో మామూలుగా ఏమీ రాదు. కొన్ని కాంట్రాక్టుల్లో వేసవికి ఇన్సూరెన్స్ కూడా ఆగిపోతుంది. చాలా డిస్ట్రిక్ట్‌లలో ఏడాది జీతాన్ని 12 నెలలకు సర్ది ఇస్తారు, టీచర్లతోపాటు పెన్షన్ ఉంటుంది. ఫెడరల్ స్టూడెంట్ లోన్ ఉన్నవాళ్లు ప్రభుత్వ స్కూల్లో ఫుల్‌టైమ్ చేస్తూ అర్హమైన వాయిదాలు 120 కడితే మిగిలిన అప్పు మాఫీ అవుతుంది. ప్రైవేటు ఏజెన్సీ ఉద్యోగులకు సాధారణంగా ఆ అవకాశం లేదు.

డబ్బుకన్నా పెద్ద తేడా మొదటి ఏడాది తెలుస్తుంది. మాస్టర్స్ అయ్యాక సర్టిఫికెట్ కోసం ఒక సీనియర్ థెరపిస్ట్ (మెంటర్) పర్యవేక్షణలో చేసే పనిని క్లినికల్ ఫెలోషిప్ అంటారు. అది కనీసం 36 వారాలు, 1,260 గంటలు. అందులో మెంటర్ 18 గంటలైనా మన పనిని స్వయంగా గమనించాలి. డిస్ట్రిక్ట్‌లో ఆ మెంటర్ చాలావరకు అదే ఊళ్లో ఉంటారు. ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు స్కూలు రాసే విద్యా ప్రణాళిక) మీటింగ్‌లో ఒక తల్లి కన్నీళ్లు పెట్టుకుంటే ఏం చెప్పాలో పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి. ఎక్కడో దూరాన ఉండి ఫోన్లో దొరికే మెంటర్‌తో అది కుదరదు.

ఇక పిల్లల వైపు నుంచి చూడండి. డాలస్ శివార్లలో ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు చాలామంది. వాళ్లు ఇంగ్లిష్ 'థింక్'ను మన థకారంతో పలికినా, వీ, డబ్ల్యూ శబ్దాలను ఒకేలా అన్నా అది లోపం కాదు, ఇంటి భాష ప్రభావం. వీలైనంత వరకు బిడ్డ సొంత భాషలోనే పరీక్షించాలని ఐడియా (వైకల్యాలున్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం) చెబుతోంది. అందుకు ఇంటర్‌ప్రెటర్‌ను కుదుర్చుకోవాలి, అమ్మానాన్నలతో తీరిగ్గా మాట్లాడాలి. కనీసం మూడేళ్లకోసారి బిడ్డ అవసరాలను మళ్లీ అంచనా వేయాలి. అప్పటికీ మొదట చూసిన థెరపిస్టే ఉంటే ఆ కుటుంబానికి ఎంత ధైర్యం! ఏటా కాంట్రాక్ట్ మారే ఉద్యోగంలో అది అరుదు.

వీసా మీద ఉన్నవాళ్ల టెన్షన్ వేరు. చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే ఓపీటీ అనుమతి 12 నెలలే. చాలా డిస్ట్రిక్ట్‌లు హెచ్-1బీ వర్క్ వీసా స్పాన్సర్ చేయవు, కొన్ని ఏజెన్సీలు చేస్తాయి. గడువు తరుముతుంటే ఏజెన్సీలో చేరడమే సరైన పని. సంతకం పెట్టేముందు మాత్రం రెండు నిబంధనలు వెతకండి: మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, తర్వాత అదే స్కూల్లో నేరుగా చేరనిస్తారా లేదా.

ప్రైవేటు క్లినిక్ గురించీ అడుగుతుంటారు. పిల్లాడు రాకపోతే ఆ గంట జీతం పోయే చోట్లు ఎక్కువ. మొదటి ఉద్యోగానికి నేను చెప్పను.

డిస్ట్రిక్ట్ అని కళ్లు మూసుకుని చేరిపోవద్దు. ఇంటర్వ్యూలో కేస్‌లోడ్ (చూడాల్సిన పిల్లల సంఖ్య) ఎంత, ఎన్ని స్కూళ్లు తిరగాలి, మెంటర్ ఎవరు అని అడగండి. డిస్ట్రిక్ట్ మూడు స్కూళ్లలో 70 మంది పిల్లల్ని అప్పగిస్తానంటే, ఏజెన్సీ ఒకే స్కూల్లో 45 మందిని ఇచ్చి మెంటర్‌ను కూడా అక్కడే చూపిస్తే, ఏజెన్సీకే వెళ్లండి.