అమ్మానాన్నల కోసం ఎమర్జెన్సీ బటన్ ప్యాకేజీ కొంటున్నారా? ఆగి ఇది చదవండి

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి. ఊళ్ళో పెద్దవాళ్ళని ఉంచి మనం ఎక్కడో ఉంటూ, ఈ "ఎస్ఓఎస్ బటన్ (ఆపదలో నొక్కితే కంపెనీ వాళ్ళు పలికేది), 24 గంటల అంబులెన్స్, కేర్ మేనేజర్ (ఇంటికొచ్చి చూసి వెళ్ళే మనిషి)" అనే ప్యాకేజీలు చూస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నా. మేం జీఎస్టీతో కలిపి 42 వేలు కట్టాం, ఏడాదికి. కంపెనీ పేరు ఇక్కడ పెట్టట్లేదు, కేసు వేసే పనిలో ఉన్నాం, లాయర్ గారు వద్దన్నారు. ఇన్‌బాక్స్‌లో అడిగినా చెప్పను, ఏమనుకోకండి.

నేను డల్లాస్, తమ్ముడు బెంగుళూరు, అమ్మానాన్న రాజమండ్రిలో సొంతింట్లో. ఎంత బతిమాలినా కదలరు. నాన్నకి 78, మెషీన్ పెట్టుకోకపోతే ఏమీ వినపడదు. అమ్మకి 72, మోకాళ్ళ నొప్పులు, బీపీ. పోయిన సంక్రాంతికి వెళ్ళొచ్చాక నాకు మనసు మనసులో లేదు, అప్పుడే ఫోన్‌లో వీళ్ళ వీడియో కనపడింది. ఒక పెద్దాయన గుండె పట్టుకుంటాడు, మెడలో బటన్ నొక్కుతాడు, మరుక్షణం గేటు ముందు అంబులెన్స్. ఏడుపొచ్చేసింది నాకు, ఆ ఏడుపులోనే కార్డు గీకేశా. అసలు తప్పు అక్కడే. రాజమండ్రిలో మీ అంబులెన్స్ ఉందా అని అడిగితే సేల్స్ అబ్బాయి "మా నెట్‌వర్క్ ఉంది మేడమ్" అన్నాడు. నెట్‌వర్క్ అంటే ఏంటో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

బటన్ వచ్చింది. నాన్న దానికి టీవీ రిమోట్‌కి వేసినట్టు ప్లాస్టిక్ కవర్ వేసి రబ్బరు బ్యాండ్ చుట్టారు :) పెట్టడానికి వచ్చిన కుర్రాడు "నీళ్ళు తగలకూడదండి" అని చెప్పి వెళ్ళాడట, దాంతో అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా తీసి దేవుడి గది బయట మేకుకి తగిలించేది. పెద్దవాళ్ళు బాత్రూంలో జారిపడే ప్రమాదం ఎక్కువే కదా, అక్కడికి తీసుకెళ్ళకూడని బటన్ ఏం బటనో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక ఆ రోజు. రాజమండ్రిలో తెల్లవారుజామున నాలుగూ నలభై. అమ్మ బాత్రూంకి లేచి తడి గచ్చు మీద జారింది. అరుపులు నాన్నకి వినపడలేదు, చాలాసేపటికి పక్కన మనిషి లేదని లేచి చూశారు. బాత్రూంకి లోపల గడియ పెట్టుకోదు కాబట్టి సరిపోయింది, పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయమేస్తుంది. నాన్న కంగారులో మెషీన్ పెట్టుకోకుండానే పరిగెత్తి మేకుకున్న బటన్ తీసి నొక్కారు.

ఇప్పుడు చూడండి. బటన్‌లోని చిన్న స్పీకర్‌లోంచి ఎవరో హిందీలో "ఆప్ ఠీక్ హై?" అని అడిగారు. నాన్నకి ఏదో గొంతు వచ్చినట్టు మాత్రం తెలిసింది. పలికారు కదా అని "ఆఁ, ఆఁ, రండి బాబూ" అన్నారు. అంతే. తర్వాత పది రోజులు మెయిల్స్ మీద మెయిల్స్ పెడితే వాళ్ళు పంపిన కాల్ లాగ్‌లో ఏముందో తెలుసా, "కస్టమర్ రెస్పాండెడ్, సేఫ్, టికెట్ క్లోజ్డ్", అంటే మనిషి పలికాడు, క్షేమమే, కేసు మూసేశాం అని. మా నాన్న "ఆఁ" అన్నది వాళ్ళకి "బాగానే ఉన్నాం" అయిపోయింది. ఫారంలో భాష అని అడిగితే తెలుగు అని టిక్ పెట్టా, నాన్నకి వినపడదని కూడా రాశా. ఎవరు చదివారు!

పావుగంట చూసి నాన్న మళ్ళీ నొక్కారు. ఈసారి టికెట్ మళ్ళీ తెరిచి ఫోన్ చేశారు, ఎవరికో ఊహించండి. నాకు. డల్లాస్‌కి. ఎందుకంటే ఎమర్జెన్సీ కాంటాక్ట్ నంబర్ వన్ నేనే, ముందు కాంటాక్ట్‌కి చెప్పి "అప్రూవల్" తీసుకోవాలట. నేను ఆఫీసు నుంచి వస్తూ డ్రైవింగ్‌లో ఉన్నా, మొదటి కాల్ మిస్సయింది. తమ్ముడి ఫోన్ ఆ టైంలో సైలెంట్. రెండోసారి ఎత్తితే ఆ అమ్మాయి "మేడమ్, ప్రైవేట్ అంబులెన్స్ ఛార్జెస్ మీరే పే చేయాలి, ఓకేనా? నియరెస్ట్ ల్యాండ్‌మార్క్ చెప్తారా?" అంటోంది. ల్యాండ్‌మార్క్! అడ్రస్, గూగుల్ లొకేషన్, ఇంటి ఫొటోతో సహా అన్నీ ముందే ఇచ్చాం. అంటే వాళ్ళు అప్పటికప్పుడు గూగుల్‌లో రాజమండ్రి అంబులెన్స్ అని కొట్టి నంబర్ వెతుకుతున్నారన్నమాట. అదే ఆ "నెట్‌వర్క్".

ఇంకో సంగతి, అమెరికా నుంచి మనం 108 కొట్టినా కలవదు, అలాంటి చిన్న నంబర్లు ఇండియాలోంచే పని చేస్తాయి. నేను కారు పక్కకి ఆపి వణుకుతూ పక్కింటి పిన్నిగారికి వాట్సాప్ కాల్ చేశా. ఆవిడ లేచి బాబాయ్ గారిని లేపి, ఆయన 108 కొట్టి, గోడ దూకినంత పని చేసి వెళ్ళారు. ఇరవై నిమిషాల్లో బండి వచ్చింది. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు, పైసా తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, దాన్ని వదిలేసి నేను 42 వేలు పెట్టి ఏం కొన్నానో. అమ్మని లేపి కుర్చీలో కూర్చోబెట్టబోతుంటే బాబాయ్ గారు వద్దని ఆపారట, మంచిపని చేశారని బండిలో వచ్చినతను అన్నాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది.

కంపెనీ వాళ్ళ అంబులెన్స్ సంగతి అడగరేం? అక్కడి టైం ఆరున్నరకి నాకు మెసేజ్: "వెండర్ అసైన్డ్", అంటే అంబులెన్స్ వాళ్ళని అప్పుడు కుదిర్చారట. అప్పటికి అమ్మ హాస్పిటల్లో ఎక్స్‌రే కూడా తీయించుకుంది.

కేర్ మేనేజర్ భాగోతం వేరే. నెలకి రెండు విజిట్లు అన్నారు. వస్తే అమ్మానాన్నల మధ్య కూర్చుని సెల్ఫీ, యాప్‌లో రిపోర్ట్. నాలుగు నెలలు వరసగా అమ్మ బీపీ 120/80, నాన్నదీ 120/80. మాత్ర వేసుకున్నా అమ్మకి 150కి తగ్గదు బాబూ! నేను కూడా ఆ ఫొటోలు చూసి మురిసిపోయానే గానీ అంకెలు చూడలేదు.

రిఫండ్ అడిగితే అగ్రిమెంట్ పంపారు. అందులో మాది "ఫెసిలిటేషన్ సర్వీస్" (అంటే ఏర్పాటు చేసిపెట్టడం) మాత్రమే, "బెస్ట్ ఎఫర్ట్ బేసిస్" (అంటే ప్రయత్నిస్తాం, గ్యారంటీ లేదు), 30 రోజులు దాటితే డబ్బు వెనక్కి రాదు అని సన్న అక్షరాల్లో ఉంది. కట్టేముందు ఇది చదివి ఉంటే కట్టేదాన్ని కాదు. వివాదాలుంటే వాళ్ళ ఊరి కోర్టులోనే అని కూడా రాసుకున్నారు. దానికి భయపడకండి, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు 1915కి (వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకున్నాం. నాన్న పేరు మీద వేస్తున్నాం.

అయినా కొనాలనుకుంటే, అన్ని కంపెనీలూ ఇంతే అనను, మా ఆఫీసులో ఒకావిడ హైదరాబాద్‌లో వేరేవాళ్ళది తీసుకుని బాగుందనే అంది. కాకపోతే ట్రయల్ అడగండి. ఇచ్చాక వాళ్ళకి చెప్పకుండా అర్ధరాత్రి రెండింటికి నొక్కించి చూడండి. ఎవరు మాట్లాడారు, ఏ భాషలో, జవాబు రాకపోతే ఏం చేశారు, ముందు ఎవరికి ఫోన్ వెళ్ళింది. అంబులెన్స్ మీ ఊళ్ళో ఎవరిదో పేరూ నంబరూ ఇమ్మనండి, ఆ నంబర్‌కి మీరే ఫోన్ చేసి "మీకూ వీళ్ళకీ ఒప్పందం ఉందా" అని అడగండి. బటన్‌లో సిమ్ ఏ కంపెనీది, ఇంట్లో వెనక గదిలో సిగ్నల్ ఉంటుందా, రీచార్జ్ ఎవరు చేస్తారు అన్నది కూడా.

మేం ఇప్పుడు చేసుకున్నది చాలా మామూలుది. పక్కింట్లో ఒక తాళం చెవి, బాత్రూంలో పట్టుకోడానికి రాడ్లు, గచ్చు మీద రబ్బరు మ్యాట్, రాత్రంతా చిన్న లైటు, లోపలి గడియ పీకించేశాం. 108 పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాం, కింద పిన్నిగారి నంబర్. 14567 అని పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ ఉంది, పెన్షన్, వేధింపులు లాంటివాటికి పనికొస్తుంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకానే, దాన్ని అంబులెన్స్ అనుకోకండి. రోజూ పొద్దున అమ్మానాన్న తలుపు తీయకపోతే పాలబ్బాయి తమ్ముడికి ఫోన్ చేస్తాడు, నెలకి 300 ఇస్తున్నాం, తీసుకోనంటే బలవంతంగా.

అమ్మ వాకర్‌తో వరండా దాకా వస్తోంది. నిన్న కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, బటన్ 15 రోజుల్లో మా ఖర్చుతో కొరియర్ చేయాలట, లేకపోతే 4,500 కట్టాలట. నాన్న "పంపించేద్దాం, కవర్ మాత్రం తీసి" అన్నారు.