పులస పులుసులో ఉప్పు మాయం చేసిన మౌత్‌వాష్

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ నోట్లో సూక్ష్మజీవుల్ని చంపుతుందా అంటే చంపుతుంది, అందులో పేచీ లేదు. నా గొడవంతా ఉప్పు గురించి.

కిందటేడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే అమలాపురంలో పళ్ళు క్లీనింగ్ చేయించుకున్నాను. డాక్టరుగారు ఈ మౌత్‌వాష్, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది, రాసిచ్చి, రెండు వారాలు చాలన్నారు. వారానికల్లా రక్తం ఆగింది, పొద్దున లేచేసరికి నోరు వాసన లేదు. ఉమ్మేశాక కూడా పంటికీ చిగుళ్ళకీ అంటుకుని గంటల తరబడి పనిచేసే మందట. ఇంత బాగుంటే ఆపడం దేనికని మెడికల్ షాపులో నా అంతట నేనే ఇంకో మూడు సీసాలు కొన్నాను.

ఆగస్టులో గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాక అత్తారింట్లో పులస. పుస్తెలమ్మైనా తినాలంటారే, ఆ చేప. అత్తయ్యగారు రాత్రే మట్టిదాకలో వండి, ముక్కకి పులుసు బాగా పట్టాక మర్నాడు మధ్యాహ్నం వడ్డించారు. పులుపు తెలుస్తోంది, కారం తెలుస్తోంది, ఉప్పు మాత్రం అయిపు లేదు. అడక్కుండా ఊరుకోవాల్సింది, అడిగాను. "సరిపోయింది కదండీ బాబూ" అంటూనే ఆవిడ ఉప్పుగిన్నె తెచ్చి పెట్టారు, మొహం చిన్నబోయింది. చిటికెడు వేసుకున్నా, ఇంకో చిటికెడు వేసుకున్నా, బెండకాయ ముక్క కొరికినా అంతే చప్పన. మా ఆవిడ నా కంచంలోంచి ఒక ముద్ద తిని "ఇది అంతర్వేది సముద్రమండీ" అంది.

ఈ మందు ఎక్కువ రోజులు వాడితే ఉప్పు రుచి మందగిస్తుందని, ఆపితే మళ్ళీ వస్తుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. టీ తాగే నోరు కదా, పళ్ళ మీద గోధుమరంగు చారలు కూడా పడ్డాయి, ఖైనీ ఎప్పుడు మొదలెట్టావురా అని మా బావ. పైగా నేను బ్రష్ చేసిన వెంటనే పుక్కిలించేవాణ్ణి. పేస్టులో నురుగు తెప్పించే సరుకు ఈ మందుని పనిచేయనివ్వదట, అరగంటైనా ఆగాలి. అంటే సగం సీసా సింకు పాలే. రక్తం ఆగిందన్నానా, నిజానికి అందులో ఎక్కువ వాటా క్లీనింగుదే అనుకుంటా, పేరుకున్న పాచి లోపలికి ఏ మౌత్‌వాషూ సరిగా వెళ్ళదు, బ్రష్‌తో రుద్దాల్సిందే.

ఆపేసిన కొన్నాళ్ళకి రుచి వచ్చింది. పన్ను పీకించుకున్నాక రాసిస్తే మళ్ళీ వాడతాను, రాసినన్ని రోజులే, అదీ పులస రోజులు కాకపోతే. మీరు నాలా ఉప్పూకారాల మనిషి కాకపోతే మీకేమనిపిస్తుందో మరి.