మూడుసార్లు చూశాక 'హలో, మై ట్వంటీస్'

ఈ కొరియన్ సీరియల్ మొదటిసారి చూసినప్పుడు నేను హాస్టల్లో ఉండేదాన్ని. నలుగురికీ ఒకే గది, పచ్చడి సీసా మీద పేరు రాసి పెట్టుకునే బతుకు. అప్పుడు అందులోని సాంగ్ జి-వన్ అనే అమ్మాయి కోసమే చూశాను. ఆ తాగుడు, ఆ వాగుడు, బాయ్‌ఫ్రెండ్ దొరకట్లేదన్న ఏడుపు చూసి పడీపడీ నవ్వాను. ఆ పాత్ర వేసిన పార్క్ ఉన్-బిన్ 2022లో 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' సీరియల్లో లాయర్ వూగా వచ్చాక మా ఇంట్లోవాళ్లకీ తెలిసిపోయింది. ఈమధ్య మూడోసారి చూస్తే మాత్రం కళ్లు ఇంకో పాత్ర జిన్-మ్యోంగ్ మీదే ఉండిపోయాయి.

2016లో కొరియా టీవీ ఛానెల్ జేటీబీసీలో 12 ఎపిసోడ్లుగా వచ్చిన కె-డ్రామా ఇది. రాసింది పార్క్ యోన్-సన్. 'బెల్ ఎపోక్' అనే ఇంట్లో ఐదుగురు అమ్మాయిలు అద్దెకుంటారు. చెప్పుల అర దగ్గర దెయ్యం కనిపిస్తోందని జి-వన్ ఓ మాట వదులుతుంది. మిగతావాళ్లు నవ్వి ఊరుకోరు. అది నా కోసమే వచ్చిందని ఎవరికి వాళ్లు లోపల బిగుసుకుపోతారు. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లే, ఎవరి భయం ఏంటో ఇంకొకరికి తెలియదు. మా గదిలోనూ అంతేగా.

జిన్-మ్యోంగ్‌కి 28 ఏళ్లు, చదువింకా పూర్తి కాలేదు. ట్యూషన్లు, రెస్టారెంట్, రాత్రికి షాపులో డ్యూటీ. తమ్ముడు ఏళ్ల తరబడి స్పృహ లేకుండా మంచాన ఉన్నాడు. రెస్టారెంట్లో వంట చేసే అతను ఇష్టపడుతున్నాడని తెలిసి, నన్ను ఇష్టపడొద్దు అంటుంది. ఎవరైనా ఇష్టపడుతున్నారనుకుంటే బలహీనపడిపోతానని ఆమె భయం. హాస్టల్ రోజుల్లో ఈ సీన్ చూసి ఎందుకింత బెట్టు అనుకున్నాను. ఇంటికి డబ్బు పంపడం మొదలయ్యాక చూస్తే గొంతు పట్టేసింది.

వింటూ చూడండి. జిన్-మ్యోంగ్‌ని 'యూన్ సన్‌బే' అంటారు, ఇంట్లో ఉండే ఇంకో అమ్మాయి ఇ-నాని 'కాంగ్ ఒన్ని' అంటారు. ఒకరు సీనియర్, ఇంకొకరు అక్క. ఆ చనువులో తేడా నేను చూసిన ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో ఎగిరిపోయింది.

ఐదుగురిలో ఒకరైన ఉన్-జే తండ్రి చావు చుట్టూ నడిపిన సస్పెన్స్ నాకు ఎక్కలేదు. 2017లో వచ్చిన రెండో సీజన్‌లో ఉన్-జే పాత్రకి నటినే మార్చేశారు, అలవాటుపడటానికి నాలుగు ఎపిసోడ్లు పట్టింది. కానీ ఐదో అమ్మాయి యె-ఉన్ కోసం ఆ సీజన్ చూడాల్సిందే. మొదటి సీజన్‌లో బాయ్‌ఫ్రెండ్ ఆమెని గదిలో బంధిస్తాడు. అక్కడితో కథ ముగించెయ్యకుండా, ఏడాది విరామం తర్వాత ఆ పిల్ల మళ్లీ కాలేజీకి వెళ్లడానికి ఎంత వణుకుతుందో చూపించారు. ఒంటరిగా గడప దాటలేదు, ఎవరో ఒకరు తోడెళ్లాలి.

ఇక జి-వన్, ఆమె స్నేహితుడు సంగ్-మిన్‌ల సంగతి తేల్చకుండానే వదిలేశారు. మూడో సీజన్ రాలేదు. మూడుసార్లూ అక్కడికొచ్చేసరికి రిమోట్ విసిరికొట్టాలనిపించింది.